చూలాలికి ఆయాసమా? గుండె చూపించండి

పడుకుంటే ఊపిరాడకపోవడం కడుపు బరువు కాదు * పురుడయ్యాక మొదటి రెండు రోజులే పెద్ద గండం * 108 వచ్చేలోగా ఇంట్లో ఏం చేయాలి?

కడుపుతో ఉన్న కోడలు రాత్రి పడుకోలేక లేచి కూర్చుంటోంది. గోడకు దిండు వేసుకుని ఆనుకుంటే తప్ప ఊపిరి ఆడటం లేదంటోంది. "నెలలు నిండుతాండాయి కదమ్మా, బరువుకు అట్లే ఉంటాది. మేం కనలేదా?" అంటుంది అత్త. పక్కింటి అవ్వా తలూపుతుంది. కోడలు ఇంక నోరెత్తదు.

ఆదోని, కోసిగి, ఆలూరు, పత్తికొండ.. ఏ వైపు పల్లెకు పోయినా ఇటువంటి మాట వినిపిస్తుంది. అత్త చెడ్డదేం కాదు. ఆమె చూసిన చూలాళ్లలో ఆయాసపడని వాళ్లు తక్కువ. దాదాపు అందరూ పురుడు పోసుకుని బాగానే లేచారు. చిక్కంతా లేవని ఆ ఒక్కరి గురించే. ఆ ఒక్కరి ఆయాసం కడుపు బరువు వల్ల కాదు, గుండె వల్ల వస్తుంది. దాన్ని ముందుగా గుర్తిస్తే తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కే అవకాశం చాలా ఎక్కువ. గుర్తించకపోతే ఏడో నెలలోనో, ఎనిమిదో నెలలోనో, పురుడైన రాత్రో ప్రాణం మీదికి వస్తుంది.

తేడా ఎట్లా తెలుస్తుంది?

మామూలు చూలాలికీ ఆయాసం ఉంటుంది. నీళ్ల బిందె ఎత్తుకొస్తే ఉంటుంది, మిద్దె మెట్లెక్కితే ఉంటుంది. కాసేపు కూర్చుంటే తగ్గుతుంది. రాత్రి నిద్ర పడుతుంది. సాయంత్రానికి పాదాలకు కాస్త నీరు దిగినా తెల్లారేసరికి తీస్తుంది. దీనికి భయపడనక్కర లేదు.

గుండె వల్ల వచ్చే ఆయాసం తీరు వేరు. వెల్లకిలా పడుకుంటే ఎక్కువవుతుంది, లేచి కూర్చుంటే తగ్గుతుంది. పడుకున్న గంటకో, రెండు గంటలకో ఉలిక్కిపడి లేచి గాలి కోసం వాకిట్లోకి పరుగెడుతుంది మనిషి. పొడి దగ్గు వదలదు. పోయిన వారం చేసిన ఇంటిపని ఈ వారం చేయలేకపోతుంది. కూర్చున్నా గుండె దడదడలాడుతుంది. కొందరికి దగ్గితే కళ్లెలో నెత్తురు జీర కనిపిస్తుంది. అది క్షయ కావచ్చునని కళ్లె పరీక్షకు పంపుతారు. పంపవలసిందే. కాని గుండె పరీక్ష కూడా అప్పుడే జరగాలి. పని చేస్తూ చేస్తూ కళ్లు తిరిగి పడిపోవడం, రొమ్ము మధ్యలో నొప్పి కూడా ఈ కోవలోవే.

కదలకుండా కూర్చున్నప్పుడు నాడి నిమిషానికి 120 దాటినా, ఊపిరి నిమిషానికి 30 దాటినా ఆ మనిషిని ఇంట్లో ఉంచుకోకూడదు. ఇది లెక్కపెట్టడానికి డాక్టరే అక్కరలేదు. సెల్‌ఫోన్‌లో గడియారం పెట్టుకుని ఆశా కార్యకర్త లెక్కపెట్టవచ్చు. పదో తరగతి చదివే మరిదైనా లెక్కపెట్టవచ్చు. నిండు నిమిషం లెక్కపెట్టాలి. పావు నిమిషం చూసి నాలుగుతో హెచ్చవేస్తే తప్పు రావచ్చు.

ఐదు లీటర్ల మోటారుకు ఏడు లీటర్ల పని

మామూలుగా మన గుండె నిమిషానికి దాదాపు 5 లీటర్ల నెత్తురు తోడి పోస్తుంది. కడుపుతో ఉన్నప్పుడు అదే గుండె 7 లీటర్ల దాకా తోడవలసి వస్తుంది. ఒంట్లో ఉండే నెత్తురే 40 నుంచి 50 శాతం పెరుగుతుంది. ఈ పెరుగుదల ఏడు, ఎనిమిది నెలల నాటికి పతాక స్థాయికి చేరుతుంది. మోటారు మంచిదైతే ఈ అదనపు పని లాగేస్తుంది. లోపల ఎక్కడో అరుగుదల ఉంటే, ఎండాకాలం బోరు మోటారు కాలినట్టు, పని ఎక్కువైన వేళే అది బయటపడుతుంది. అందుకే చాలామంది ఆడవాళ్లకు తమ గుండెలో లోపం ఉన్నట్టు మొదటిసారి తెలిసేది కడుపుతో ఉన్నప్పుడే.

ఆ లోపం మన దేశంలో ఎక్కువగా గుండె కవాటానిది. గుండె ఎడమవైపు పై గదికీ కింది గదికీ మధ్య ఒక తలుపు ఉంటుంది. మైట్రల్ కవాటం అంటారు. మంచి కవాటం తెరుచుకుంటే 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్ల సందు ఉంటుంది. జబ్బు చేసి అంచులు అతుక్కుపోతే అది ఒకటిన్నరకు, ఒకటికి, అంతకన్నా తక్కువకు కుంచించుకుపోతుంది.

తుంగభద్ర దిగువ కాలువ కింద సేద్యం చేసేవాళ్లకు ఇది చెప్పనక్కర లేదు. తూము సగం పూడిపోయి, పైనుంచి నీళ్లు నిండుగా వస్తుంటే ఏమవుతుంది? నీళ్లు వెనక్కి తన్ని గట్టు మీదుగా పొర్లుతాయి. గుండెలోనూ అంతే. కిందికి దిగలేని నెత్తురు వెనక్కి తన్ని ఊపిరితిత్తుల్లో నిలిచిపోతుంది. దాని నీరు ఊటలాగా గాలి గదుల్లోకి దిగుతుంది. మనిషి పొడి నేల మీద ఉండి కూడా నీళ్లలో మునిగినట్టు గిలగిల కొట్టుకుంటుంది. గులాబీ రంగు నురగతో దగ్గు వచ్చిందంటే గట్టు తెగిందన్న మాట. ఆ స్థితిలో ప్రతి నిమిషమూ విలువైనదే.

మొదలు చిన్ననాటి గొంతునొప్పి

కవాటానికి ఈ గతి పట్టించేది చాలాసార్లు కీళ్లవాత జ్వరం. బడికి పోయే వయసులో, అంటే 5 నుంచి 15 ఏళ్ల మధ్య, పిల్లలకు ఒక రకం సూక్ష్మక్రిమి వల్ల గొంతునొప్పి, జ్వరం వస్తాయి. సరైన మందు పడకపోతే రెండు మూడు వారాల తర్వాత కొందరికి కీళ్లు వాస్తాయి. ఈరోజు మోకాలు, ఎల్లుండి మోచెయ్యి, ఆ తర్వాత మణికట్టు.. ఇట్లా నొప్పి ఒక కీలు నుంచి ఇంకో కీలుకు మారుతుంది. కొన్నాళ్లకు కీళ్లు బాగైపోతాయి. ఇంట్లోవాళ్లు మరిచిపోతారు. గుండె కవాటం మాత్రం మరిచిపోదు. ఏళ్ల తరబడి లోలోపల గట్టిపడుతూ వస్తుంది. ఇరుకైన ఇళ్లలో ఎక్కువమంది కలిసి పడుకునే చోట, డాక్టరు దూరమైన చోట ఈ జబ్బు ఎక్కువ. అందుకే దీన్ని పేదల గుండె జబ్బు అంటారు.

జబ్బు ఉన్నట్టు తెలిసిన పిల్లలకు మూడు వారాలకొకసారి పెన్సిలిన్ సూదిమందు వేస్తారు. నొప్పి పుట్టించే సూదే. పిల్లలు ఏడుస్తారు, పెద్దవాళ్లు పనులు మానుకుని తీసుకుపోవాలి. పెళ్లయ్యాక అత్తగారింట్లో చెప్పుకోలేక చాలామంది ఆడపిల్లలు దాన్ని మానేస్తారు. ఆ సూది కడుపుతో ఉన్నప్పుడూ వేయించుకోవచ్చు, బిడ్డకు చెరుపు లేదు. పెన్సిలిన్ పడనివాళ్లకు డాక్టర్లు వేరే మందు రాస్తారు.

"పిల్లకు గుండె జబ్బంటే సంబంధం చెడిపోతుంది" అని పుట్టింటివాళ్లు దాచిపెట్టడం మన దగ్గర ఉన్నదే. దాచినందుకు వాళ్లను తిట్టి ప్రయోజనం లేదు. కాని ఆ దాచిన మాట ఎనిమిదో నెలలో అర్ధరాత్రి ఎట్లాగూ బయటపడుతుంది. కనీసం తల్లి అయినా నర్సమ్మ చెవిలో వేయాలి. చిన్నప్పుడు కీళ్లు వాచాయా, పెదాలు నీలంగా మారేవా, గుండెకు ఆపరేషన్ జరిగిందా, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో గుండె ఆగి పోయారా.. ఈ నాలుగు సంగతులు మొదటి పరీక్షలోనే చెప్పాలి.

ఐదో నెల లోపే

కడుపు పండినట్టు తెలియగానే ఒకసారి డాక్టరు చేత గొట్టం పెట్టించి గుండె చప్పుడు వినిపించుకోవాలి. నర్సమ్మ బరువు చూసి, బి.పి. చూసి, మాత్రలిస్తుంది. గుండె వినడం డాక్టరు పని. 2016 నుంచి ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణీ స్త్రీలను డాక్టర్లు ఉచితంగా పరీక్షించే ఏర్పాటు ఉంది. ఆ రోజున పోయి, "అయ్యా, గుండె కూడా చూడండి" అని నోరు తెరిచి అడగాలి. అడగడంలో నామోషీ ఏమీ లేదు. గండం ఉన్నవాళ్ల కార్డు మీద ఎర్ర స్టిక్కరు అంటిస్తారు. దాన్ని చూసి భయపడి చింపేయకూడదు. ఆ ఎర్ర గుర్తే రేపు పెద్దాసుపత్రిలో మిమ్మల్ని ముందు చూసేలా చేస్తుంది.

చప్పుడులో తేడా ఉంటే ఇ.సి.జి., ఎకో పరీక్షలు చేయిస్తారు. ఎకో అంటే కడుపులో బిడ్డను చూసే స్కానింగు లాంటిదే. శబ్ద తరంగాలతో చేస్తారు, బిడ్డకు ఏ హానీ లేదు. కవాటం సందు ఎంత ఉందో, గుండె కండ ఎంత బలంగా ఉందో అందులో తెలిసిపోతుంది. అవసరమైతే పొట్టకు సీసపు తెర కప్పి ఛాతీ ఎక్స్‌రే తీయడమూ ప్రమాదం కాదు. ఎక్స్‌రే అంటే బిడ్డ పోతుందని పరీక్ష మానేసినవాళ్లే ఎక్కువ నష్టపోతారు.

జబ్బు తేలినంత మాత్రాన కడుపు తీయించుకోవలసిందేనని కాదు. సందు ఓ మోస్తరుగా ఉంటే గుండె వేగం తగ్గించే మెటోప్రొలాల్ వంటి మాత్రలు, నీరు తీసే మాత్రలు, విశ్రాంతితో చాలామంది గట్టెక్కుతారు. ఇక్కడ వేగం సంగతి కాస్త చెప్పాలి. ఇరుకైన తలుపు గుండా నెత్తురు దిగడానికి సమయం కావాలి. గుండె నెమ్మదిగా కొట్టుకుంటే ఆ సమయం దొరుకుతుంది, వేగంగా కొట్టుకుంటే దొరకదు. జ్వరం వచ్చినా, నెత్తురు తక్కువైనా, భయపడినా గుండె వేగం పెరుగుతుంది. అందుకే ఇటువంటి చూలాలికి చిన్న జ్వరాన్ని కూడా చిన్నదిగా చూడకూడదు.

మందులతో ఆగకపోతే బెలూన్ చికిత్స ఉంది. జపాన్ డాక్టరు కంజి ఇనౌయే దీన్ని 1984లో లోకానికి వెల్లడించాడు. తొడ దగ్గరి నరంలోంచి సన్నని గొట్టాన్ని గుండెలోకి పంపుతారు. దాని కొసన ఉన్న బెలూన్‌ను అతుక్కుపోయిన కవాటం మధ్య ఉబ్బిస్తారు. అతుకులు విడిపోతాయి. బెలూన్ ఉబ్బి ఉండేది కొద్ది సెకన్లే. మత్తు ఆ చోటికి మాత్రమే ఇస్తారు, రొమ్ము కోయరు. పొట్టకు సీసపు కవచం చుడతారు. ఐదో నెల దాటాక దీన్ని చేయడం మేలు. అంతకు ముందు తరంలో సర్జన్లు ఛాతీ తెరిచి, వేలు గుండెలోకి పెట్టి కవాటాన్ని విడదీసేవారు. 1925లో లండన్‌లో హెన్రీ సౌటర్ అనే డాక్టరు మొదట ఒక యువతికి వేలితో ఆ పని చేసి బతికించాడు. తోటి డాక్టర్లు నమ్మక, ఆయన దగ్గరికి మళ్లీ అటువంటి రోగిని పంపనే లేదు. 1948లో అమెరికాలో ఆ ఆపరేషన్ మళ్లీ మొదలయ్యేదాకా ఎందరో తల్లులు ఆ ఇరుకు తలుపుతోనే పోయారు.

ఆ రాత్రి వస్తే..

ముందు జాగ్రత్త తీసుకున్నా, తీసుకోకపోయినా, అర్ధరాత్రి ఊపిరాడక కొట్టుకుంటుంటే ఇంట్లోవాళ్లు చేయవలసింది కొంత ఉంది. మొదట మనిషిని పడుకోబెట్టకండి. మంచం మీద కూర్చోబెట్టి, వీపుకు దిళ్లు ఆనించి, కాళ్లు కిందికి వేలాడనివ్వండి. ఊపిరితిత్తుల మీద భారం అందువల్ల కొంత తగ్గుతుంది. చుట్టూ గుమికూడకండి. నీళ్లు, మజ్జిగ పోయకండి. 108కు ఫోన్ చేయండి. "కడుపుతో ఉంది, ఊపిరాడటం లేదు, కూర్చునే ఉంది" అని ఆ మూడు మాటలు చెప్పండి. మన రాష్ట్రంలో ఈ బండ్లు 2005 ఆగస్టు 15న మొదలయ్యాయి. అందులో ఆక్సిజన్ ఉంటుంది, దాన్ని పెట్టడం తెలిసినవాళ్లు ఉంటారు. సొంతంగా ఆటోలో పడుకోబెట్టి తీసుకుపోవడం కన్నా అదే నయం. కార్డు, పాత చీటీలు, వాడుతున్న మాత్రల పట్టీలు సంచిలో వేసుకోండి.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఇటువంటి మనిషికి ఊళ్లో సెలైన్ బాటిల్ ఎక్కించవద్దు. "నీరసంగా ఉంది, ఒక బాటిల్ పెడితే బలం వస్తుంది" అనుకోవడం మనవాళ్లకు అలవాటైపోయింది. ఊపిరితిత్తులు అప్పటికే నీటితో నిండి ఉన్నాయి. పైనుంచి ఇంకో అర లీటరు పోస్తే గట్టు తెగిన చెరువుకు వాన తోడైనట్టే. ఉబ్బసమనుకుని సూది వేయించి పడుకోబెట్టడమూ అంతే ప్రమాదం. కడుపుతో ఉన్నప్పుడు మొదటిసారి ఉబ్బసంలాంటిది వచ్చిందంటే, గుండె కాదని తేలేదాకా గుండె అనే అనుకోవాలి.

పెద్దాసుపత్రిలో ముందు ఆక్సిజన్ పెడతారు. నీరు తీసే లాసిక్స్ సూదిమందు నరానికి ఇస్తారు. కాసేపటికే మూత్రం ధారాళంగా వచ్చి ఊపిరి తేలికపడటం మొదలవుతుంది. గుండె వేగాన్ని మందులతో తగ్గిస్తారు. గుండె లయ తప్పి ప్రాణం మీదికొస్తే కరెంటు షాక్ ఇస్తారు. పేరు వింటే భయం వేస్తుంది గాని, అవసరమైనప్పుడు కడుపుతో ఉన్నవాళ్లకూ దాన్ని ఇవ్వవచ్చు. తల్లి బతికితేనే కదా బిడ్డ. తల్లికి ఊపిరి అందితేనే బిడ్డకు అందుతుంది. "బిడ్డకు ఏమైనా అవుతుందేమో, మందులు వద్దు" అని సంతకం పెట్టకుండా బయట కూర్చునే బంధువులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఆదోని నుంచి కర్నూలుకు దాదాపు 100 కిలోమీటర్లు. కోసిగి, హొళగుంద వైపు పల్లెలనుంచి ఇంకా దూరం. అందుకే గుండె జబ్బు ఉన్నట్టు ముందే తెలిసినవాళ్లు నొప్పులు మొదలయ్యేదాకా ఊళ్లో ఉండకూడదు. డాక్టరు చెప్పిన తేదీకి కొద్ది రోజుల ముందే కర్నూలు పెద్దాసుపత్రిలో చేరాలి. అక్కడ కాన్పుల విభాగంతో పాటు గుండె విభాగమూ ఉంది. ఇంకా పెద్ద చికిత్స కావాలంటే తిరుపతి స్విమ్స్, హైదరాబాదు నిమ్స్ ఉన్నాయి. డబ్బుకు వెనుకాడేవాళ్లు ఆసుపత్రి గేటు దగ్గరి ఆరోగ్యమిత్రను అడగాలి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకం ఇప్పుడు మన రాష్ట్రంలో ఎన్టీఆర్ వైద్యసేవ పేరుతో నడుస్తోంది.

ఇంకో సంగతి. మన పడమటి పల్లెలనుంచి ఏటా ఎందరో మిరపకోతలకు గుంటూరు వైపు వలసపోతారు. కడుపుతో ఉన్నవాళ్లూ పోతారు. పరీక్షలు ఆగిపోతాయి, సూదిమందు ఆగిపోతుంది. పోకతప్పని వాళ్లు కార్డును బియ్యం మూటతో పాటు వెంట తీసుకుపోవాలి. గుంటూరు పెద్దాసుపత్రిలోనూ గుండె విభాగం ఉంది. అక్కడ "మీరు ఈ జిల్లావాళ్లు కారు" అనే అధికారం ఎవరికీ లేదు.

కాన్పు ఎట్లా?

గుండె జబ్బంటే సిజేరియనే అనుకుంటారు చాలామంది. అది నిజం కాదు. ఎక్కువమందికి మామూలు కాన్పే మేలు. ఆపరేషన్‌లో నెత్తురు ఎక్కువ పోతుంది, మత్తు భారం ఉంటుంది. అయితే ఈ మామూలు కాన్పు ఇంట్లో జరిగేదీ, చిన్న ఆసుపత్రిలో జరిగేదీ కాదు. తల్లిని ఎడమవైపు తిప్పి, తల ఎత్తుగా ఉంచుతారు. వెల్లకిలా పడుకుంటే నిండు కడుపు పెద్ద నరాన్ని నొక్కి, గుండెకు నెత్తురు చేరనివ్వదు. నొప్పులు తెలియకుండా వీపులో మత్తు ఇస్తారు. చివర్లో ముక్కమని బలవంతం చేయరు. చిమటాతోనో, వాక్యూమ్‌తోనో బిడ్డను తీసి తల్లికి శ్రమ తగ్గిస్తారు.

బిడ్డ బయటపడగానే అందరూ ఊపిరి పీల్చుకుంటారు. డాక్టరు మాత్రం అప్పుడే మెలకువగా ఉంటాడు. గర్భసంచి ముడుచుకోగానే అందులోని అర లీటరు దాకా నెత్తురు ఒక్కసారిగా గుండెకు తిరిగి వస్తుంది. ఇరుకు తలుపున్న గుండె దాన్ని తట్టుకోలేదు. పురుడైన మొదటి 24 నుంచి 48 గంటలు అందుకే పెద్ద గండం. నెత్తురు ఆగడానికి మామూలుగా వేసే మెథర్జిన్ సూదిమందు కూడా ఇటువంటి వాళ్లకు పనికిరాదు, నరాలను బిగించి బి.పి. పెంచుతుంది. గుండె జబ్బు సంగతి కాన్పు చేసేవాళ్లకు ముందే తెలియాలనడానికి ఇదొక్కటి చాలు. రెండో రోజే "బాగానే ఉంది కదా" అని డిశ్చార్జి అడిగి తీసుకురావడం చాలా తప్పు.

బాలింత వాపు అన్నీ ఒకటి కాదు

ఇంతవరకు చెప్పింది పాత జబ్బు సంగతి. అంతకు ముందు ఏ జబ్బూ లేని మనిషికి కూడా నెలలు నిండేటప్పుడో, పురుడైన ఐదు నెలల్లోపో గుండె కండ ఉన్నట్టుండి బలహీనపడవచ్చు. బి.పి. ఎక్కువగా ఉన్నవాళ్లకు, కవలలను మోసినవాళ్లకు, కాస్త వయసు మీరి కన్నవాళ్లకు ఇది ఎక్కువ. బాలింతకు కాళ్లు వాచి, ఆయాసం వచ్చి, పడుకోలేకపోతుంటే "నీరు పట్టింది, పథ్యం చెడింది" అని కాయం పెడుతూ కూర్చుంటారు. ఆ లోపల గుండె సాగిపోతుంది. ఎకో తీస్తే ఒక్క పూటలో తెలిసిపోయే జబ్బు ఇది. సమయానికి మందులు పడితే సగానికి పైగా ఆడవాళ్లకు నెలల్లోనే గుండె మళ్లీ కుదుటపడుతుంది. కుదుటపడకుండా మళ్లీ కడుపు తెచ్చుకుంటే మాత్రం తల్లికే ముప్పు.

ఆచారాలు కూడా కొన్నిచోట్ల తోడవుతాయి. ఆఫ్రికాలోని ఉత్తర నైజీరియాలో బాలింతలకు నలభై రోజులు చెరువు ఉప్పు కలిపిన గంజి పోసి, కింద నిప్పులు పెట్టిన మట్టి అరుగు మీద పడుకోబెట్టే ఆచారం ఉండేది. అక్కడ బాలింతలకు గుండె పోటెత్తడం ఎక్కువని డాక్టర్లు గమనించి రాశారు. మన పథ్యాలు వేరు. అయినా వాపు, ఆయాసం ఉన్న బాలింతకు ఊరగాయ, ఉప్పుకారం ముద్దలు పెట్టేముందు డాక్టరును అడగడం మంచిది.

కవాటం మార్చినవాళ్లకు

లోహపు కవాటం వేయించుకున్న ఆడవాళ్లు నెత్తురు గడ్డకట్టకుండా రోజూ మాత్ర వేసుకుంటారు. కడుపు తెలియగానే, ఆ మాత్ర బిడ్డకు చెరుపు చేస్తుందని విని తామే మానేస్తారు కొందరు. మానితే కవాటం మీద గడ్డ కట్టి, అది బిగుసుకుపోతుంది. ఆయాసం హఠాత్తుగా వస్తుంది. రోజూ వినిపించే టిక్కు టిక్కు చప్పుడు మూగబోతుంది. మాత్రల వల్ల మొదటి మూడు నెలల్లో బిడ్డకు కొంత ప్రమాదం ఉన్న మాట నిజమే. దానికి మార్గం మానడం కాదు, హెపారిన్ సూదిమందుకు మార్చడమో, మోతాదు సవరించడమో డాక్టరు నిర్ణయిస్తారు. అసలు కడుపు తెచ్చుకోక ముందే వెళ్లి అడగడం అన్నిటికన్నా మేలు.

నెత్తురు తక్కువ, బి.పి. ఎక్కువ

కవాటాలు, కండలు బాగున్నా గుండెను కూలదోసేవి మన పల్లెల్లో ఇంకో రెండు ఉన్నాయి. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో గర్భిణీ స్త్రీలలో నూటికి 52 మందికి రక్తహీనత ఉంది. హిమోగ్లోబిన్ 7 గ్రాముల కన్నా తగ్గితే, పలచబడ్డ నెత్తురును తిప్పి తిప్పి గుండె అలసిపోతుంది. ఐరన్ మాత్రలు వేసుకుంటే వాంతి వస్తుందని పెరట్లో పారేసేవాళ్లు ఎక్కువ. అన్నం తిన్నాక రాత్రి పడుకునేముందు వేసుకుంటే చాలామందికి పడుతుంది. టీ, కాఫీలతో మాత్రం వేసుకోకూడదు.

బి.పి. 160/110కు చేరితే అది అప్పటికప్పుడు చూడవలసిన ప్రమాదం. తలనొప్పి, కళ్లు మసకబారడం, మొహం ఉబ్బడం ముందు కనిపిస్తాయి. తర్వాత ఫిట్సు రావచ్చు, ఊపిరితిత్తుల్లోకి నీరు దిగవచ్చు. గుండెపోటు కూడా చాలా అరుదుగా వస్తుంది, చిన్న వయసులోనే. రొమ్ము మధ్యలో బరువుగా నొప్పి, చెమటలు, దవడకూ ఎడమ చేతికీ పాకడం ఉంటే "గ్యాస్" అని సోడా తాగించక ఇ.సి.జి. తీయించండి.

గుండె ఆగితే?

పిలిస్తే పలకక, ఊపిరి ఆగిపోయిందంటే గుండె ఆగినట్టే. 108కు ఒకరు ఫోన్ చేస్తుండగా ఇంకొకరు ఆమెను గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, రొమ్ము ఎముక మధ్యలో రెండు చేతులూ ఒకదాని మీద ఒకటి ఆనించి నొక్కాలి. రెండు అంగుళాల లోతున, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఆపకుండా నొక్కాలి. కడుపు బొడ్డు దాకా పెరిగి ఉంటే మూడో మనిషి ఆ కడుపును రెండు చేతులతో ఆమె ఎడమవైపుకు జరిపి పట్టుకోవాలి. నొక్కే చేయి అలసిపోతే రెండు నిమిషాలకు మనిషి మారాలి. ఆసుపత్రిలో ఇట్లా జరిగి నాలుగు నిమిషాలకూ గుండె తిరిగి కొట్టుకోకపోతే, అక్కడికక్కడే ఆపరేషన్ చేసి ఐదో నిమిషానికి బిడ్డను తీస్తారు. తల్లిని వదిలేసి బిడ్డను చూసుకోవడం కాదది. కడుపు ఖాళీ అయితే తల్లి గుండెకు నెత్తురు అందుతుంది, ఆమె బతికే అవకాశమూ పెరుగుతుంది.

గట్టెక్కినవాళ్లు మళ్లీ కడుపు ఎప్పుడన్నది గుండె డాక్టరును అడిగే నిర్ణయించుకోవాలి. అన్ని రకాల గర్భనిరోధక మాత్రలూ వీళ్లకు పడవు, నెత్తురు గడ్డకట్టే గుణం కొన్నిటికి ఉంది. ఇక పిల్లలు చాలనుకుంటే, గుండె బాగోలేని భార్యను ఆపరేషన్ బల్ల ఎక్కించడం కన్నా భర్త వేసెక్టమీ చేయించుకోవడం సులువు. కత్తి లేకుండా కొద్ది నిమిషాల్లో అయిపోయే పని అది. మన పల్లెల్లో ఈ మాట అంటే మగవాళ్లు పక్కకు చూస్తారు గాని, అనవలసిన మాటే.

ఇంట్లో బడికి పోయే ఆడపిల్ల ఉంటే, ఈసారి జ్వరంతో గొంతు మింగుడు పడటం లేదన్నప్పుడు ఉప్పునీళ్లతో సరిపెట్టకుండా డాక్టరుకు చూపించండి. ఆ క్రిమి వల్లే వచ్చిందని తేలితే పెన్సిలిన్ రాస్తారు. మాత్రలు రాస్తే పది రోజులు పూర్తిగా వేయాలి. జ్వరం తగ్గిందని మూడో రోజే ఆపకూడదు.